చవక పెట్టెలు, మంచి పనిముట్లు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఇంటి పనులు స్వయంగా చేసుకుందామని ఆన్‌లైన్‌లో చవకగా విదేశీ పనిముట్ల పెట్టెలు తెప్పించుకున్నవారు, అవి వారం తిరగకముందే చేతులెత్తేస్తే ఏం చేయాలో తోచనివారు, అసలు ఏది కొనాలో ముందే తెలుసుకోవాలనుకుంటున్నవారు రాశారు. అన్నింటికీ కలిపి ఇక్కడే సమాధానం చెబుతున్నాను.

ప్రశ్న: డ్రిల్లింగ్ మిషన్‌తో సహా వందకు పైగా వస్తువులున్న పెట్టెను మూడు నెలల కిందట ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. వంటగది గోడకు అర బిగించడానికి అది బాగానే పనికొచ్చింది. కిటికీ పైన కర్టెన్ రాడ్ బిగించబోతే మాత్రం అర అంగుళం లోపలికి వెళ్లాక బిట్టు దిగడం మానేసింది. కొస నల్లబడి, గుండ్రంగా అరిగిపోయింది. ఈ మిషన్ పక్కన పెట్టి పేరున్న కంపెనీది కొనమంటారా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: మిషన్ మార్చవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. బిట్టు మార్చండి.

వంటగదిలో మీరు రంధ్రం చేసింది ఇటుక గోడకు. ఇటుక మెత్తనిది, ఎలాంటి బిట్టుకైనా లొంగుతుంది. కిటికీ పైన ఉన్నది లింటల్ బీము, అంటే కాంక్రీటు. అందులో కలిపే కంకర మన ప్రాంతంలో ఎక్కువగా గ్రానైటు రాయిని పగలగొట్టి చేసినదే. గ్రానైటులో ఉండే క్వార్ట్జ్ పలుకులు మామూలు ఉక్కు కంటే గట్టివి కనుక, ఉక్కు కొసతో వాటి మీద ఎంతసేపు తిప్పినా రాయికి బదులు ఉక్కే అరుగుతుంది. అందుకే గోడ బిట్ల కొసలో టంగ్‌స్టన్ కార్బైడ్ అనే అతి గట్టి పదార్థపు పలుకును పెట్టి అతికిస్తారు. పని చేసేది ఆ పలుకే, మిగతా కాండమంతా దాన్ని మోసే కాడ మాత్రమే.

మంచి బిట్టును ఒకసారి ఎండలో పట్టుకొని చూడండి. కొసలో అడ్డంగా ఒక గాడి, ఆ గాడిలో ముదురు బూడిదరంగు పలుకు, పలుకు చుట్టూ ఇత్తడి రంగులో సన్నని అతుకు గీత కనిపిస్తాయి. వేలు ఆనించి చూస్తే ఆ పలుకు రెండు పక్కలా కాండం కంటే వెంట్రుకవాసి బయటికి వచ్చి ఉంటుంది. ఆ కొద్దిపాటి వెడల్పు వల్లనే కాండం రంధ్రపు గోడలకు రాసుకోకుండా తిరుగుతుంది, పొడి కాండం మీది మెలికల గాడుల వెంట బయటికి వస్తుంది. వంద వస్తువుల పెట్టెలో వచ్చే బిట్లలో కొన్నింటికి ఈ పలుకు చాలా చిన్నదిగా, ఓ పక్కకు వంకరగా ఉంటుంది. కొన్నింటికి అసలు ఉండదు, ఉక్కు కొసకు రంగు పూసి గోడ బిట్టని అమ్ముతారు. మీ బిట్టు నల్లబడిందంటే అది కోయడం మానేసి, రాపిడికి కాలిపోయిందని అర్థం.

హార్డ్‌వేర్ దుకాణంలో పేరున్న కంపెనీ కార్బైడ్ బిట్టు 6 మిల్లీమీటర్లది ఒకటి, 8 మిల్లీమీటర్లది ఒకటి విడిగా కొనండి. రెంటికీ కలిపి మీ పెట్టె ధరలో చిన్న భాగం కూడా కాదు. మిషన్ మీద సుత్తె గుర్తు ఉన్న వైపుకు మీటను తిప్పండి. కొన్ని సెకన్లకోసారి తిరుగుతుండగానే బిట్టును వెనక్కి లాగి పొడి రాలనివ్వండి, కొస చల్లబడుతుంది. ఎంత లోతు దిగినా ఒకచోట లోహపు మోత వినిపించి బిట్టు ఆగిపోతే లోపలి చువ్వ తగిలినట్టు. అక్కడ మొండికి పోకుండా ఒక అంగుళం పక్కకు జరగండి.

ఇంకొక పరీక్ష కూడా చేయండి. కొత్త బిట్టు బిగించి, మిషన్‌ను నెమ్మదిగా తిప్పి, కొస వైపు చూడండి. కొస ఒక చుక్కలా నిలకడగా ఉంటే మీ మిషన్ ఇంటి పనులకు ఇంకా చాలాకాలం పనికొస్తుంది. కొస సున్నాలు చుడుతుంటే బిట్టు వంకరైనా కావాలి, బిట్టును పట్టి ఉంచే చక్ అరిగినదైనా కావాలి. బిట్టు మార్చినా ఊగుతుంటే అప్పుడు మిషన్ గురించి ఆలోచించవచ్చు.

ఇల్లంతా స్లాబుకు ఫ్యాన్లు, సీలింగు పని పెట్టుకుంటే మాత్రం సంగతి వేరు. మీ దగ్గరున్న రకం డ్రిల్లులో రెండు పళ్ల బిళ్లలు ఒకదాని మీద ఒకటి ఎగిరెగిరి పడటం వల్ల దెబ్బ పుడుతుంది. ఆ దెబ్బకు బలం మీరు నొక్కే చేతి నుంచే రావాలి. రోటరీ హ్యామర్ అనే బరువు పనుల డ్రిల్లులో లోపలి పిస్టన్ గాలిని ఒత్తి, ఆ గాలితో సుత్తెను విసురుతుంది కనుక చేతికి శ్రమ లేకుండానే కాంక్రీటు దిగుతుంది. ఒకటి రెండు రోజుల పనికి దాన్ని కొనకండి, అద్దెకు తెచ్చుకోండి.

ప్రశ్న: బ్యాటరీతో నడిచే డ్రిల్లు కొనాలనుకుంటున్నాను. పేరున్న కంపెనీ మిషన్ మీద 18 వోల్టులని ఉంది. దాని ధరలో మూడో వంతుకు వస్తున్న దిగుమతి మిషన్ మీద 48 అని, మరొకదాని మీద 88 అని రాసి ఉంది. తక్కువ ధరకే ఎక్కువ బలం వస్తున్నట్టు కాదా?
— ఒక పాఠకుడు, కాజీపేట

సమాధానం: కాదు. ఆ అంకెల పక్కన ‘వి’ తర్వాత ‘ఎఫ్’ అనే అక్షరం కూడా ఉందేమో చూడండి. అది వోల్టుల కొలత కాదు, పెట్టె మీద అందంగా కనిపించడానికి వేసిన అంకె.

లోపల ఉండేవి లిథియం అయాన్ సెల్స్. ఒక్కో సెల్ సాధారణంగా 3.6 వోల్టులు ఇస్తుంది, నిండా చార్జి అయినప్పుడు 4.2 వోల్టులు. ఐదు సెల్స్ వరుసగా కలిపితే 18, నిండా ఉన్నప్పుడు 21. కనుక 18 అని రాసినా, 20 అని రాసినా, 21 అని రాసినా ఉన్నవి అవే ఐదు సెల్స్. నిజంగా 48 వోల్టుల దరిదాపుల్లోకి రావాలంటే 13 సెల్స్ వరుసగా ఉండాలి. అరచేతిలో పట్టే బ్యాటరీ పెట్టెలో అవి ఇమడవు. వెనుక పక్క చిన్న అక్షరాలలో అసలు వోల్టేజి రాసి ఉంటే అదే నమ్మండి.

బ్యాటరీలో ఎంత చార్జి నిలవ ఉంటుందో చెప్పే ఆంపియర్ అవర్స్ విషయంలోనూ ఇదే లెక్క. ఈ పెట్టెల్లో ఎక్కువగా వాడే, బొటనవేలంత లావు సెల్‌లో మంచి రకానిది కూడా 3.5 ఆంపియర్ అవర్స్‌కు అటూ ఇటూగా ఆగిపోతుంది. అలాంటి ఐదు సెల్స్‌తో చేసిన పెట్టె మీద 6 అని ఉంటే ఆ మాట నిలవదు.

నేనైతే మిషన్ కంటే ముందు ఆ బ్యాటరీ విడిగా దొరుకుతుందా అని అడుగుతాను. మోటారు పదేళ్లు బతికినా బ్యాటరీ అంతకాలం బతకదు. అది పోయిన రోజున కొత్తది దొరకకపోతే బాగున్న మిషన్ కూడా పాత సామానులోకి పోతుంది. మన వేసవిలో బ్యాటరీని రేకుల షెడ్డులోనో, ఎండలో నిలిపిన కారులోనో వదలకండి, వేడికి దాని ఆయుష్షు త్వరగా తరిగిపోతుంది. పేరు తెలియని చార్జర్‌కు తగిలించి రాత్రంతా వదిలేసి నిద్రపోవద్దు.

ప్రశ్న: గేటుకు, మేకల దొడ్డికి ఇనుప పని చేసుకోవడానికి నాలుగంగుళాల గ్రైండర్ కొన్నాను. కోత చక్రాలు యాభై ఉన్న కట్ట చాలా చవకగా దొరికింది. గార్డు అడ్డం వస్తోందని తీసేశాను, దానివల్ల కొంచెం పెద్ద చక్రం కూడా పడుతోంది. ఇందులో ప్రమాదం ఉందా?
— ఒక రైతు, నర్సంపేట

సమాధానం: ఉంది. ఈ సమాధానం చదివిన వెంటనే గార్డును తిరిగి బిగించండి, పెద్ద చక్రాన్ని తీసేయండి.

నాలుగంగుళాల గ్రైండర్లు సాధారణంగా నిమిషానికి 11,000 చుట్ల వరకు తిరుగుతాయి. ఆ వేగంలో చక్రపు అంచు గంటకు 200 కిలోమీటర్లకు పైగా పరుగెడుతుంది. చక్రం అంటే గట్టి ఇనుము కాదు. రాపిడి పలుకులను జిగురుతో కలిపి, మధ్యలో వల పెట్టి, కాల్చి చేసిన పల్చని బిళ్ల. ఆ జిగురు బాగుండి, వల నిండుగా ఉంటే అరిగిపోయేవరకు ముక్కలు కాకుండా నిలుస్తుంది. చవక కట్టల్లో పొదుపు చేసేది సరిగ్గా ఈ రెండింటిలోనే.

పదేళ్ల కిందట మా వీధి చివరి షెడ్డులో ఒకాయన గార్డు తీసి ఇనుప కోణం కోస్తుండగా చక్రం పేలింది. ఆయన తల పక్కకు వంచి ఉండటం వల్ల బతికాడు. ముక్క వెనుక ఉన్న టేకు దర్వాజలో దిగబడింది. నేను వెళ్లి పటకారుతో పట్టి లాగాను, రాలేదు. గోరంత ముక్క టేకులో వేలి కణుపంత లోతుకు దిగింది. ఇప్పటికీ ఆ దర్వాజకు రంగు వేసిన ప్రతిసారీ ఆ గుంట కనిపిస్తుంది. ఆనాటి నుంచి నాకు చక్రాల దగ్గర బేరం ఆడబుద్ధి కాదు.

చక్రం మీద గరిష్ఠ వేగం అచ్చు వేసి ఉంటుంది. సరైన నాలుగంగుళాల చక్రం మీద సాధారణంగా 15,300 దరిదాపుల అంకె కనిపిస్తుంది, అంటే మీ మిషన్ వేగం కంటే బాగా ఎక్కువ. అదే ఏడంగుళాల చక్రం మీద 8,500 దరిదాపుల అంకె ఉంటుంది. దాన్ని మీ మిషన్‌కు బిగిస్తే అది ఓర్చుకోగలిగిన వేగం దాటి తిరుగుతుంది. అంకె ఏదీ లేని చక్రాన్ని ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. మధ్యలోని లోహపు వలయం మీద గడువు నెల, సంవత్సరం కూడా చూడండి, మామూలుగా తయారీ నుంచి మూడేళ్లు. జిగురుకు తేమ పడదు, కనుక వానకాలంలో దొడ్డి గోడ మీద వదిలిన చక్రాలు కొత్తవైనా పారేయవలసినవే.

కలప కోసే పళ్ల చక్రాన్ని గ్రైండర్‌కు బిగించడం కొన్నిచోట్ల చూస్తున్నాను. పన్ను చెక్కలో ఇరుక్కుంటే మిషన్ చేతిలోంచి ఎగిరి మనిషి మీదికే వస్తుంది. అది ఏ కంపెనీదైనా, ఎంత ఖరీదైనదైనా వద్దు. మెడలో తువ్వాలు తీసి పక్కన పెట్టండి, వదులుగా ఉండే నూలు చేతి తొడుగులు వేసుకోవద్దు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. గ్రైండర్ కాస్త చవకదైనా ఇంటి పనికి సరిపెట్టుకోవచ్చునేమో కానీ, చక్రం, గార్డు, కళ్లద్దాలు ఈ మూడింటిలో తక్కువ రకానికి దిగవద్దు.

ప్రశ్న: ముప్పై ఏళ్లు ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. నా కాలం నాటి పానాలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మా అబ్బాయి తెచ్చిన కొత్త సెట్టులో 13 నంబరు పానా స్కూటరు నట్టు దగ్గరే నోరు తెరిచింది, వేళ్లు చెక్కుకుపోయాయి. ఇప్పటి ఉక్కే అంతా? విదేశీ సరుకు కావడం వల్లనా?
— ఒక పాఠకుడు, గోదావరిఖని

సమాధానం: మీ చేతికి తెలిసినంత నా కలానికి తెలియదు, అయినా నాకు తెలిసింది చెబుతాను. మీ పాత పానాలు ఎర్రగా కాల్చిన ఉక్కు కడ్డీని అచ్చులో పెట్టి సమ్మెట దెబ్బతో మలిచినవి, ఆ తర్వాత కొలిమిలో పదును పెట్టినవి, అంటే కాల్చి చల్లార్చి ఉక్కును గట్టిపరిచినవి. చవక సెట్లలో కొన్ని మెత్తని ఉక్కుతో చేసి, పదును పెట్టకుండా, పైన మెరిసే పూత వేసి వస్తాయి. పూత చూసి లోపలి ఉక్కును చెప్పలేం. పానాలకు వాడే గట్టి మిశ్రమ ఉక్కు పేరు క్రోమ్ వనేడియం; అలా చెక్కినంత మాత్రాన అది క్రోమ్ వనేడియం కాదు.

మీరు దుకాణంలోనే చేయగల పరీక్ష ఒకటి ఉంది. మంచి 13 నంబరు నట్టును, అంటే 8 మిల్లీమీటర్ల బోల్టు నట్టును, జేబులో వేసుకొని వెళ్లండి. పానా నోట్లో పెట్టి కదిపి చూడండి. నట్టు గలగలలాడితే కొనవద్దు. కొత్తగా ఉన్నప్పుడే అంత వదులుంటే, బలం పడినప్పుడు నట్టు మూలలను గుండ్రం చేసేస్తుంది. తెరిచిన నోరు కంటే రింగు వైపు నట్టును ఆరు మూలలా పడుతుంది కనుక బలమైన పని రింగుతోనే చేయమని మీ అబ్బాయికి మీరే చెప్పండి, మీ మాటకు విలువ ఎక్కువ.

విదేశీ అన్న మాటకు వస్తే, నేను దేశాన్ని తప్పుపట్టను. పేరున్న కంపెనీల మిషన్లు అనేకం చైనాలోనే తయారవుతున్నాయి, బాగానే ఉన్నాయి. చేతి పనిముట్లలో మాత్రం మనం బయటికి చూడవలసిన అవసరమే తక్కువ. జలంధర్, లూధియానా, రాజస్థాన్‌లోని నాగౌర్ తరతరాలుగా వీటికి పేరు పడ్డాయి. జలంధర్‌లో చేతి పనిముట్ల కోసమే ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థ 1983 నుంచి నడుస్తోంది. నాసిక్‌లో తయారయ్యే పానాలు, ప్లయర్లు మన వరంగల్ దుకాణాల్లోనూ దొరుకుతాయి. దిగుమతి సెట్టు కంటే వీటికి కొంచెం ఎక్కువ పెట్టవలసి వచ్చినా, పెట్టవచ్చు.

ప్రశ్న: మా ఆయన పగలంతా మరమగ్గాల షెడ్డులో ఉంటారు. ఇంట్లో కుళాయి కారినా, ప్లగ్గు వదులైనా, కుర్చీ స్క్రూ ఊడినా నేనే చూసుకోవాలని నేర్చుకుంటున్నాను. మూడు వేల రూపాయలలో ఏవేవి కొనాలి? అన్నీ కలిసిన సెట్టు మంచిదా?
— ఒక పాఠకురాలు, సిరిసిల్ల

సమాధానం: మీ ఉత్తరం చదివి సంతోషం కలిగింది. సెట్టు వద్దు. వంద వస్తువుల సెట్టులో మీరు ఏడాదంతా వాడేవి ఎనిమిది ఉంటాయి, మిగతా తొంభై రెండింటికి ఇచ్చిన డబ్బు ఆ ఎనిమిదింటి నాణ్యతలో నుంచి తీసిందే.

ఒక మంచి ప్లయర్, చదును కొసది ఒకటి, నక్షత్రం కొసది మధ్య సైజు ఒకటిగా రెండు స్క్రూడ్రైవర్లు, వెడల్పు మార్చుకునే పానా ఒకటి, చిన్న సుత్తె, కొలత టేపు, టెస్టర్. ముందు ఇవి చాలు. నక్షత్రపు స్క్రూడ్రైవర్ కొస మెత్తనిదైతే ఒక్క బిగిసిన స్క్రూ దగ్గరే గుండ్రమైపోయి, స్క్రూ తలను కూడా పాడు చేస్తుంది, ఆపైన ఆ స్క్రూ ఎవరికీ రాదు. అందుకని దానికి డబ్బు పెట్టండి. సుత్తె, టేపు చవకవైనా నష్టం లేదు. టేపు కొసన ఉండే కొక్కెం కొద్దిగా ముందుకూ వెనక్కూ జరుగుతుంటే వదులైందనుకొని కొట్టి బిగించవద్దు. లోపలి కొలతకూ బయటి కొలతకూ కొక్కెం మందం తేడా సరిచేయడానికే దాన్ని అలా చేస్తారు.

టెస్టర్ గురించి మాత్రం కాస్త ఎక్కువే చెప్పాలి. అది పది, ఇరవై రూపాయలకు దొరుకుతుంది, అందుకే దాన్ని ఎవరూ లెక్కచేయరు. టెస్టర్ లోపల చిన్న నియాన్ దీపం, దానికి వరుసలో ఒక రెసిస్టర్ ఉంటాయి. 230 వోల్టుల తీగ నుంచి మీ వేలి దాకా వచ్చే కరెంటును శరీరానికి తెలియనంత తక్కువకు తగ్గించేది ఆ గోధుమ గింజంత రెసిస్టరే. అది తక్కువ రకానిదైనా, తడి చేరినా, దాని బదులు లోహపు ముక్క పెట్టినా, టెస్టర్ పట్టుకోవడం తీగ పట్టుకోవడంతో సమానం. పేరున్నది కొనండి, కింద పడి పగిలినదాన్ని, తడిసినదాన్ని పారేయండి. వెలగని టెస్టర్‌ను చూసి కరెంటు లేదనుకోవద్దు. ముందు కరెంటు ఉన్న ప్లగ్గులో పెట్టి వెలుగుతోందో లేదో చూసుకొని, అప్పుడు పని ఉన్న చోట పెట్టండి. ప్లగ్గు విప్పే ముందు ఎలాగూ మెయిన్ ఆపాలి.

ప్లయర్ పిడికి రబ్బరు తొడుగు ఉంటే అది షాక్ కొట్టదని చాలామంది అనుకుంటారు. పట్టు జారకుండా వేసిన తొడుగు వేరు, కరెంటును ఆపేలా పరీక్షించిన తొడుగు వేరు. రెండో రకం మీద జంట త్రికోణాల గుర్తు, 1000 వోల్టులన్న అంకె ఉంటాయి. రేపు మీరు డ్రిల్లు కొన్నప్పుడు, దాని పేరు పట్టీ మీద చతురస్రంలో చతురస్రం ఉన్న గుర్తు వెతకండి. లోపల రెండు పొరల రక్షణ ఉందని దాని అర్థం. ఆ గుర్తూ లేక, ప్లగ్గుకు ఎర్తు పిన్నూ లేని మిషన్‌ను ఇంట్లోకి తేవద్దు.

ప్రశ్న: టేకు పీటలు, చిన్న స్టూళ్లు చేయడం సరదా. చవకగా తెచ్చిన ఉలుల సెట్టు పది నిమిషాలకే మొద్దుబారుతోంది. మా ఊరి వడ్రంగి ఉలి మాత్రం రోజంతా నడుస్తోంది. సాన పట్టడం నాకు రాకపోవడమే కారణమా?
— ఒక ఉపాధ్యాయుడు, మంచిర్యాల

సమాధానం: కొంత టేకు తప్పు, కొంత ఉలి తప్పు, మీ తప్పు బహుశా కొద్దిగానే. టేకులో సహజంగానే సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం, కలిసి ఉంటుంది. అందుకే ఆ కలప చేతికి నునుపుగా అనిపించినా అంచును త్వరగా తినేస్తుంది.

ఉలి సంగతి తేల్చుకోవడానికి పాత ఆకురాయి ఒకటి తీసుకొని, ఉలి అంచుకు కొంచెం పైన మెల్లగా రుద్దండి. ఆకురాయి గాజు మీద జారినట్టు జారిపోతే ఉక్కు గట్టిది, సాన సరిగ్గా పడితే నిలుస్తుంది. ఆకురాయి కరిచి పొడి రాలిందంటే ఉక్కు మెత్తది, దాన్ని ఎంత నూరినా ప్రయోజనం లేదు. ఒకవేళ కరెంటు గ్రైండర్ మీద నూరుతున్నారేమో, అంచు నీలం రంగుకు తిరిగితే పదును పోయినట్టే. ఆ నీలం 300 డిగ్రీల దరిదాపుల్లో వస్తుంది, అక్కడ ఉక్కు మెత్తబడిపోతుంది. నీళ్లలో ముంచుతూ నూరండి, లేదా రాయి మీద చేత్తో నూరండి.

కొత్త సెట్టు కొనే ముందు మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో కొలిమి నడుపుతున్న కమ్మరి ఉంటే ఆయన దగ్గరికి వెళ్లమని నా సలహా. లారీ కమాను పట్టీ ఉక్కుతో ఆయన చేసే ఉలికి మెరుపు ఉండదు. కానీ ఎర్రగా కాల్చి చల్లార్చిన తర్వాత మళ్లీ నెమ్మదిగా వేడి చేస్తూ, అంచు మీదికి లేత గడ్డి రంగు పాకగానే ఆపే ఆ క్షణం ఆయన కంటికి తెలుసు. మీ వడ్రంగి ఉలి రోజంతా నడవడానికి కారణం అదే కావచ్చు, ఆయన్నే అడిగి చూడండి. కొలిములు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. ఆ పనికి తగిన ధర ఇచ్చే కొనుగోలుదారులు ఉంటేనే అవి వెలుగుతాయి, ఇది నాకు మనసుకు దగ్గరి విషయం.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొన్న మిషన్ మొదటి రోజే కాలిపోయింది. అమ్మినవారు దాన్ని వెనక్కి తీసుకోబోమని అంటున్నారు. పెట్టె మీద తయారీదారు చిరునామా కూడా లేదు.
— ఒక పాఠకుడు, జగిత్యాల

సమాధానం: దిగుమతి సరుకు పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, గరిష్ఠ ధర ఉండాలని 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలు చెబుతున్నాయి. అవి లేకపోవడమే ఒక ఫిర్యాదు. పెట్టెను, బిల్లును, కాలిన మిషన్‌ను ఫొటోలు తీయండి. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, తెలుగులోనే చెప్పవచ్చు. అక్కడ తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు నివసించే జిల్లాకు సంబంధించిన వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, అమ్మినవారు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. మిషన్‌ను విప్పి చూడాలని మీకు అనిపించవచ్చు. ఫిర్యాదు తేలేవరకు దాని స్క్రూలను ముట్టుకోకండి.